అరకులో ఏ కాలంలో ఎలాంటి హోటల్ తీసుకోవాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

మాది విశాఖపట్నం. అరకు వెళ్ళాలనుకున్న బంధువులు, స్నేహితులు ముందుగా మాకే ఫోన్ చేస్తారు. హైదరాబాద్ నుంచి అడిగినా, అమెరికాలో ఉన్న మేనల్లుడు అడిగినా ప్రశ్నలు దాదాపు అవే. అన్ని కాలాల్లోనూ ఆ కొండల మీద పడుకుని లేచిన అనుభవంతో వాటికి జవాబులు ఒకచోట రాసి పెడుతున్నాను. అరకులోయతో పాటు అనంతగిరి, పాడేరు, లంబసింగి కూడా ఇందులోకి వస్తాయి.

ఒక మాట మొదటే చెప్పాలి. కొండల మీద పగలంతా మనం బయటే తిరుగుతాం. హోటల్‌తో పని పడేది చీకటి పడ్డాక. కానీ మనకు చూపించే ఫోటోలన్నీ పట్టపగలు తీసినవే. అందుకే గది మాట్లాడుకునేటప్పుడు రాత్రి ఎలా గడుస్తుందో, తెల్లవారుజామున ఎలా ఉంటుందో అడగండి. కింద రాసినవన్నీ ఇంచుమించు ఆ సంగతులే.

అరకు వెళ్ళడానికి ఏ కాలం మంచిది?

నవంబర్ నుంచి జనవరి దాకా చలి, మంచు, జనం మూడూ ఉంటాయి. వానాకాలంలో కొండలు పచ్చగా మెరుస్తాయి, కటికి జలపాతం నిండుగా దూకుతుంది, గదులు సులువుగా దొరుకుతాయి. వేసవిలో పగలు ఎండ ఉన్నా రాత్రి హాయిగా ఉంటుంది. ఏప్రిల్‌లో నాలుగు చినుకులు పడితే కాఫీ తోటలు తెల్లగా పూస్తాయి. ఆ పూత ఉండేది కొద్ది రోజులే. సిల్వర్ ఓక్ చెట్ల కింద నడుస్తుంటే మల్లెల్లాంటి వాసన వస్తుంది. చాలామంది వేసవిలో అరకు దండగ అంటారు కానీ ఆ వాసన చూసిన వాళ్ళు అలా అనరు.

నన్ను ఒక్కటే చెప్పమంటే అక్టోబర్ చివర, నవంబర్ మొదలు అంటాను. వానలు తగ్గి, గాలి కడిగినట్టు ఉండి, వలిసె పూలు పొలాల నిండా పసుపు పరిచినట్టు పూసే రోజులవి. అయితే మన తీరానికి తుఫాన్లు వచ్చేదీ అప్పుడే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను ఎలా ఊడ్చేసిందో ఇక్కడి వాళ్ళెవరూ మరిచిపోలేదు. బంగాళాఖాతంలో అల్పపీడనం అని వార్త వినగానే ప్రయాణం వారం వాయిదా వేయండి. తేదీ మార్చుకునే వీలు ఉందో లేదో గది తీసుకునేటప్పుడే తెలుసుకోండి.

అరకు ఊటీ అంత చల్లగా ఉంటుందా?

ఉండదు. ఎత్తు ప్రతి 1000 మీటర్లకు ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. ఊటీ 2,240 మీటర్ల ఎత్తున ఉంది. కొడైకెనాల్ కూడా 2,100 మీటర్లు దాటుతుంది. మన హార్స్‌లీ కొండలు 1,265 మీటర్లు. అరకులోయ 900 మీటర్ల పైచిలుకు మాత్రమే. అంటే విశాఖ కంటే ఆరు డిగ్రీలు తక్కువ ఉంటుందని లెక్క వేసుకోవచ్చు. మే నెలలో స్వెట్టర్ వేసుకోవాలన్న కోరిక ఉంటే ఊటీయే వెళ్ళండి. ఊటీ ఉన్న నీలగిరి జిల్లాకూ కొడైకెనాల్‌కూ సొంత వాహనంలో వెళ్ళేవారికి 2024 మే నుంచి ఈ-పాస్ పెట్టారు, అది ముందుగా తీసుకోవాలి.

శీతాకాలం కథ వేరు. లంబసింగి ఎత్తు సుమారు 1000 మీటర్లే అయినా అక్కడి చలి ఆ ఎత్తుకు మించినది. మబ్బులేని రాత్రి నేల వేడిని కోల్పోతుంది, బరువెక్కిన చల్లగాలి కొండవాలు మీద నుంచి జారి పల్లంలో చేరి నిలుస్తుంది. అందుకే డిసెంబర్, జనవరి నెలల్లో అక్కడ ఉష్ణోగ్రత ఒంటి అంకెకు దిగుతుంది, ఒక్కోసారి సున్నా దగ్గరకు పోతుంది. ఈ సంగతి హోటల్ ఎంపికకూ పనికొస్తుంది. పల్లంలో, వాగు పక్కన ఉన్న గదుల్లో చలి, పొగమంచు ఎక్కువ. అదే ఊరిలో కాస్త మెరక మీద ఉన్న గది కొంత వెచ్చగా ఉంటుంది, ఎండ కూడా ముందు తగులుతుంది. చలి కోసమే వెళ్తుంటే పల్లం, పసిపిల్లలతో వెళ్తుంటే మెరక.

ఏ ఊరిలో దిగాలి?

మొదటిసారి వెళ్తుంటే అరకు ఊరిలోనే దిగండి. రైల్వే స్టేషన్, గిరిజన మ్యూజియం, కాఫీ మ్యూజియం, పద్మాపురం తోట అన్నీ దగ్గర. పద్మాపురం తోట రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైనికులకు కూరగాయలు పండించడానికి వేసింది. ఉదయం టిఫిన్ ముందు ఒక చుట్టు తిరిగి రావచ్చు.

ప్రశాంతత కావాలంటే అనంతగిరి లేదా టైడా. చుట్టూ అడవి, కాఫీ తోటలు, మిరియాల తీగలు పాకిన చెట్లు. బొర్రా గుహలు, కటికి జలపాతం అక్కడికి దగ్గర. కానీ రాత్రి భోజనానికి ఆ హోటల్ వంటగదే దిక్కు. రాష్ట్ర పర్యాటకాభివృద్ధి సంస్థ కట్టిన వసతి అరకు, అనంతగిరి, టైడా మూడు చోట్లా ఉంది. వాటి ఆవరణలు విశాలం, అందుకే సెలవు రోజుల్లో అవే ముందు నిండిపోతాయి.

వంజంగి మేఘాల కొండ కోసమే వెళ్తుంటే మాత్రం పాడేరులో పడుకోవాలి. చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. అరకు నుంచి పాడేరు సుమారు 45 కిలోమీటర్లు, అదీ మలుపుల దారి. సూర్యోదయానికి కొండపైన ఉండాలంటే అరకులో రెండింటికి లేవాలి. పాడేరులో అయితే నాలుగింటికి లేస్తే చాలు. మేఘాల సముద్రం చూడడమే ముఖ్యమై, పాడేరు దాకా వెళ్ళే ఓపిక లేకపోతే అరకుకు దగ్గరలోనే మాడగడ ఉంది.

గది మాట్లాడేటప్పుడు అన్నిటికంటే ముఖ్యంగా ఏం అడగాలి?

వేడినీళ్ళ సంగతి. "ఇరవై నాలుగు గంటలూ వేడినీళ్ళు" అని అందరూ చెబుతారు. మీరు అడగాల్సింది అవి ఎలా కాగుతాయని.

సోలార్ అయితే వానాకాలంలో, పొగమంచు రోజుల్లో నమ్మలేం. మధ్యాహ్నం కాగిన నీళ్ళు సాయంత్రం స్నానాలకు సరిపోతాయి, తెల్లారేసరికి చల్లబడతాయి. గదికొక కరెంటు గీజర్ ఉంటే ఎన్ని లీటర్లదో అడగండి. ఒక చిన్న లెక్క చెబుతాను. 15 లీటర్ల గీజర్లో నీళ్ళు 60 డిగ్రీలకు కాగాయనుకుందాం. శీతాకాలం తెల్లవారుజామున కుళాయి నీళ్ళు 12 డిగ్రీలు. రెండూ కలిపి ఒంటికి హాయిగా ఉండే 40 డిగ్రీలకు తెస్తే పాతిక లీటర్లు వస్తాయి, అంటే బకెట్టున్నర కూడా నిండదు. మళ్ళీ అంత వేడెక్కడానికి రెండు కిలోవాట్ల గీజర్‌కు ఇరవై ఐదు నిమిషాలు పడుతుంది. నలుగురు ఒక గదిలో ఉంటే నాలుగో మనిషి స్నానం అయ్యేసరికి గంటన్నర, రెండు గంటలు. మూడు లీటర్ల గోడ గీజర్ అయితే బకెట్ నిండడానికే పది, పన్నెండు నిమిషాలు. ఆరింటికి బయలుదేరాలనుకున్న కుటుంబం ఎనిమిదింటికి బయలుదేరడానికి చాలాసార్లు కారణం ఇదే.

కొన్ని చోట్ల కట్టెల బాయిలర్ మీద కాచి బకెట్లతో తెచ్చి ఇస్తారు. అది తక్కువ వసతి అని అనుకోవద్దు. చలికాలంలో నాకు అదే నచ్చుతుంది. ఎన్ని గంటలకు పొయ్యి వెలిగిస్తారో కనుక్కుంటే చాలు.

వానాకాలంలో గది ఎంచుకునేటప్పుడు ఏం చూడాలి?

చెమ్మ. వానాకాలం సెలవును పాడుచేసేది వాన కాదు, చెమ్మ. ఒక ఆగస్టులో మేము దిగిన గది ఫోటోల్లో ముచ్చటగా ఉంది. కిటికీ తెరిస్తే లోయ, మేఘాలు గది గుమ్మం దాకా వచ్చాయి. రాత్రి పడుకుందామని రజాయి కప్పుకుంటే ముక్కిన బియ్యం బస్తా తెరిచినట్టు వాసన. దిండు గలీబు చేతికి తడిగా తగిలింది. మంచం తల వైపు గోడకు కొత్త రంగు వేసి ఉంది, వేలితో నొక్కితే రంగు పొరలా లేచి, కింద నల్లటి బూజు కనిపించింది. మా అమ్మకు ఉబ్బసం. ఆ రాత్రి ఆమె వరండాలో కుర్చీలో శాలువా కప్పుకుని కూర్చుంది, పక్కన నేను.

అప్పటి నుంచి వానాకాలంలో నేను మూడు సంగతులు కనుక్కుంటాను. గది పై అంతస్తులో ఉందా, కొండను ఆనుకుని వెనక గోడ ఉందా, పరుపు బట్టలు ఎక్కడ ఆరబెడతారు. కొండను తొలిచి కట్టిన గదుల వెనక గోడలోకి నీరు ఊరుతూనే ఉంటుంది, ఎన్ని రంగులు వేసినా ఆగదు. రేకుల కప్పు ఉన్న కాటేజీ మీద వాన చప్పుడు వినడానికి బాగుంటుంది, కాకపోతే రాత్రంతా వినాలి. చిన్న పిల్లలు ఉలిక్కిపడి లేస్తారు. మీ దుప్పట్లు మీరే తీసుకెళ్ళండి, బరువైనా సరే.

వర్షాల్లో దారి ప్రమాదమా?

విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలవుతుంది. పెద్ద వానలకు కొండచరియలు విరిగి దారి మూసుకుపోవడం ఉంటుంది, రైలు మార్గం మీద కూడా బండరాళ్ళు పడి రైళ్ళు ఆగిపోతుంటాయి. ఎడతెరిపి లేకుండా రెండు రోజులు కురిస్తే ప్రయాణం మానుకోండి. మామూలు వానలో అయితే సాయంత్రం నాలుగింటికల్లా హోటల్ చేరేలా బయలుదేరండి. శీతాకాలంలోనూ ఇదే పద్ధతి, ఎందుకంటే డిసెంబర్‌లో ఐదున్నరకే చీకటి పడుతుంది, పొగమంచులో మలుపు కనిపించదు.

రైల్లో వెళ్ళేవాళ్ళు ఉదయం విశాఖలో ఎక్కితే సుమారు నాలుగు గంటల్లో దిగుతారు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం 1960లలో వేసిన మార్గం ఇది. సొరంగాల మీద సొరంగాలు వస్తాయి, పిల్లలు లెక్కపెడుతూ కేకలు వేస్తారు. 2017 నుంచి అద్దాల పెట్టె కూడా నడుస్తోంది. రైల్లో వెళ్తే స్టేషన్ నుంచి హోటల్‌కు బండి పంపుతారా అని అడగండి.

లంబసింగిలో టెంట్లు బాగుంటాయా?

ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్ళకు ఒక రాత్రికి బాగుంటాయి. టెంట్ కింద నేల మీద నేరుగా పట్టా ఉందా, దాని మీద మందపాటి పరుపు ఉందా చూడండి. చలి పైనుంచి కాదు, వీపు కింద నుంచి వస్తుంది. మరుగుదొడ్డి ఎంత దూరమో, దారిలో దీపం ఉందో లేదో ఆడవాళ్ళు ముందే కనుక్కోవాలి. తెల్లారేసరికి టెంట్ లోపలి గుడ్డ మీద మనం వదిలిన ఊపిరే నీటి బొట్లుగా పట్టి మీద పడుతుంది, కాబట్టి ఫోన్లు సంచిలో పెట్టండి.

ఇక్కడ ఒక హెచ్చరిక, దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు. చలికి తట్టుకోలేక బొగ్గుల కుంపటిని టెంట్‌లోకో, తలుపులు మూసిన గదిలోకో తెచ్చుకుంటారు. బొగ్గులు కాలేటప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. నెగడు బయటే వేసుకోండి, లోపలికి రజాయిలు అడిగి తెచ్చుకోండి. స్నానాల గదిలో గ్యాస్ గీజర్ ఉండి, గాలి పోయే కిటికీ లేకపోయినా ఇదే ప్రమాదం. అలాంటి గది వద్దని చెప్పేయండి.

వేసవిలో ఏసీ అవసరమా?

పగలు గదిలో ఉండేవాళ్ళకు ఏప్రిల్, మే నెలల్లో అవసరమే అనిపిస్తుంది. రాత్రికి ఫ్యాను చాలు. అంతకంటే ముఖ్యం, కిటికీలకు దోమతెర ఉండడం. తెర ఉంటే కిటికీ తెరిచి పడుకోవచ్చు. సాయంత్రాలు ఉరుములు, మెరుపులు వచ్చి కరెంటు పోతుంది. జనరేటర్ ఉందంటే సరిపోదు, అది గదులకు కూడా ఇస్తారా లేక ఆఫీసు గదికి, వరండా దీపాలకేనా అని అడగాలి.

పెద్దవాళ్ళను తీసుకెళ్ళవచ్చా?

తప్పకుండా తీసుకెళ్ళండి. ఈ ఎత్తులో ఊపిరి ఆడకపోవడమనే బాధ ఉండదు, అది సాధారణంగా 2,500 మీటర్లు దాటాక వచ్చేది. ఇక్కడ కష్టమంతా మెట్లు. "వ్యూ పాయింట్ గది" అంటే దాదాపు ప్రతిచోటా మెట్లెక్కాల్సిన గదే. భోజనశాల ఒక మెట్టు వరుసలో, గది మరో వరుసలో ఉంటాయి. "కారు ఆగే చోటు నుంచి మంచం దాకా ఎన్ని మెట్లు?" అని అడగండి. "కొన్ని" అంటే ఒప్పుకోకుండా లెక్క చెప్పమనండి. పట్టుకోవడానికి కమ్మీ ఉందో లేదో, మరుగుదొడ్డి కూర్చునే రకమో కాదో తెలుసుకోండి. బొర్రా గుహల్లోనూ చాలా మెట్లు ఉన్నాయి. మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళు పైనుంచి కొంత చూసి ఆగిపోవడం మేలు. అలాంటి వాళ్ళకు హోటల్ వరండాయే అసలైన విహారం, కాబట్టి ఎండ తగిలే వరండా ఉన్న గది తీసుకోండి.

వాడే మందులు రెండు రోజులకు సరిపడా ఎక్కువ తీసుకెళ్ళండి. అరకులో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, పెద్ద వైద్యానికి మాత్రం విశాఖ రావాల్సిందే.

హోమ్‌స్టే మంచిదా, హోటల్ మంచిదా?

ఇద్దరు ముగ్గురు వెళ్తే, శుభ్రత ఒక్కటి సరిచూసుకుని, హోమ్‌స్టేకే నా ఓటు. అరకు షెడ్యూల్డ్ ప్రాంతం, అంటే గిరిజనులకు ప్రత్యేక రక్షణలున్న చోటు. అందరూ 1/70 చట్టం అని పిలిచే నిబంధన ప్రకారం ఇక్కడి భూమి గిరిజనేతరుల చేతికి మారకూడదు. అయినా పర్యాటకుల డబ్బులో గిరిజన కుటుంబాలకు చేరేది కొంచెమే అన్న బాధ అక్కడి వాళ్ళ మాటల్లో వినిపిస్తుంది. గిరిజన కుటుంబమే నడిపే ఇంట్లో దిగితే ఆ డబ్బు నేరుగా ఆ ఇంటికి చేరుతుంది. మనకూ లాభమే. కాఫీ కాయలు ఎర్రబడే నవంబర్, డిసెంబర్‌లలో వాళ్ళతో కలిసి తోటలోకి వెళ్ళి కాయ కోయవచ్చు. కాయ నోట్లో పెట్టుకుని చీకితే పలచని తీపి, లోపల జిగురుగా రెండు గింజలు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కాఫీ అక్కడ కూర్చుని తాగితే ఆ రుచికి అర్థం తెలుస్తుంది.

గిరిజనుల థింసా నాట్యం ఏర్పాటు చేస్తామని హోటళ్ళు చెబుతాయి. ఆడేవాళ్ళకు విడిగా డబ్బు ఇస్తారా, హోటల్ లెక్కలోనే పోతుందా అని అడగండి. ఇళ్ళ దగ్గర, సంతలో అడగకుండా ఫోటోలు తీయవద్దు.

భోజనం ఎలా ఉంటుంది?

బొంగు చికెన్ అందరూ చెప్పేదే. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడి ముక్కలు కూరి, ఆకుతో మూతి బిగించి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె వేయరు. చాలాసేపు పడుతుంది, ముందే చెప్పి పెట్టాలి. శాకాహారులు ఇక్కడ పండే రాజ్మా గింజల కూర వండమని అడగండి. రాత్రి వంటగది ఎన్నింటికి మూస్తారో తెలుసుకోండి, చాలాచోట్ల తొమ్మిదికే సద్దుమణుగుతుంది.

అద్దె, పన్నుల సంగతి?

డిసెంబర్ శనివారాలు, క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా, సంక్రాంతి సెలవులు, ఈ రోజుల్లో అద్దెలు బాగా పెరుగుతాయి. అదే వారంలో మంగళ, బుధవారాల్లో వెళ్తే హోటల్ కూడా తీరిగ్గా మాట్లాడుతుంది. రోజుకు 7,500 రూపాయల లోపు గదికి 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 5 శాతం, అంతకు మించితే 18 శాతం. చెప్పిన అద్దెలో పన్ను కలిసి ఉందా, అదనపు పరుపుకు ఎంత, గది ఏ గంటకు ఖాళీ చేయాలి అన్నవి సందేశంగా రాయించుకోండి. నోటిమాట వేరు, రాసిన మాట వేరు.

విదేశాల నుంచి వచ్చిన మా పిల్లలు ఉంటే?

విదేశీ పాస్‌పోర్ట్ ఉన్నవారు దిగినప్పుడు హోటల్ వాళ్ళు వాళ్ళ వివరాలు 24 గంటల్లో విదేశీయుల నమోదు అధికారులకు పంపాలి. ఈ నియమం హోమ్‌స్టేలకూ ఉంది. చిన్న వసతులు కొన్ని ఆ పని తెలియక గుమ్మం దగ్గర గది లేదంటాయి. ముందే చెప్పి ఒప్పుకున్నాకే డబ్బు కట్టండి. పాస్‌పోర్ట్, వీసా లేదా ఓసీఐ కార్డు దగ్గర ఉంచుకోండి. మిగతా వాళ్ళకు ఆధార్ చాలు.

ఫోన్, డబ్బు, దోమలు?

ఊళ్ళలో సిగ్నల్ ఉంటుంది, ఘాట్‌లోనూ లోపలి పల్లెల్లోనూ పోతూ వస్తూ ఉంటుంది. చేతిలో కొంత నగదు ఉంచుకోండి. ఈ గిరిజన (ఏజెన్సీ) ప్రాంతంలో మలేరియా ఉంది, వానాకాలంలో మరీ జాగ్రత్త. దోమతెర ఉన్న మంచం అడగండి, సాయంత్రం నిండు చేతుల బట్టలు వేసుకోండి. తిరిగొచ్చాక జ్వరం వస్తే అరకు వెళ్ళామని డాక్టర్‌కు చెప్పండి.

హోటల్ చేరాక గది చెప్పినట్టు లేకపోతే?

సామాను కారులోనే ఉంచి, ఇంట్లో ఒకరు గదికి వెళ్ళి చూడాలి. వేడి కుళాయి తిప్పి వదిలేయండి. అది పారుతుండగా దిండు ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి, మంచం వెనక గోడ తడమండి, కిటికీ గొళ్ళెం పడుతుందో లేదో వేసి చూడండి, ఫ్యాను వేయండి. ఈలోగా నీళ్ళు వెచ్చబడ్డాయో లేదో తెలిసిపోతుంది. బాగా లేకపోతే కోపపడకుండా మరో గది చూపించమని అడగండి. మధ్యాహ్నం అయితే ఇంకా గదులు ఖాళీగా ఉంటాయి, చాలామంది మార్చి ఇస్తారు. పిల్లలు మంచమెక్కి గంతులు వేశాక, సంచులు విప్పాక మారడం మీకూ కష్టం, వాళ్ళకూ కష్టం.